నాలుక క్రింది ముడి

వార్షిక సంచికకు వ్యాసము వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదకవర్గమువారు అడిగినప్పుడెల్ల మేము ప్రబంధములలోని వర్ణనల మీదనో, ఛందస్సు మీదనో నాలుగు పుటలు నింపి ఇచ్చుచు వచ్చినాము. వాటిని చదివినవారు ఎందరో తెలియదు గాని, ఆక్షేపించినవారు మాత్రము ఒక్కరును లేరు. ఈసారి వ్రాయబోవునది మా ఇంటి ముచ్చట, పాలు త్రాగు బిడ్డ నాలుకను గురించినది. తెలుగు ఉపన్యాసకుడు, అందునా పురుషుడు, తల్లిపాలను గూర్చి కళాశాల పత్రికలో వ్రాయుట ఏమని కమిటీ పెద్దలు కొందరు అనుకొనవచ్చును. కాని మా తరగతులలో కూర్చున్న పిల్లలు మరి అయిదారేండ్లలో తల్లులు, తండ్రులు కాబోవువారే. ప్రబంధనాయిక విరహము వారికి ఇంటిలో ఎంత పనికివచ్చునో చెప్పలేము. ఇది పనికివచ్చును. మాకు ఎవ్వరును ముందుగా చెప్పలేదు గనుకనే చెప్పుచున్నాము.

మా అబ్బాయి 2022 నవంబరులో కర్నూలులో పుట్టినాడు. ఆపరేషను కాన్పు. పుట్టిన బరువు 2 కిలోల 900 గ్రాములు. తల్లిని గదిలోనికి తెచ్చి, బిడ్డను ప్రక్కన చేర్చుసరికి మొదటి గంట కాదు, నాలుగవ గంట కూడ గడచినది. బిడ్డను పుట్టిన గంటలోపల రొమ్మున చేర్చవలెనని, ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప మరేమియు అక్కరలేదని, ఆ పిమ్మట ఇతరాహారముతో పాటు రెండు సంవత్సరములు, ఆ పైనను పాలివ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశములో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము గంటలోపల పాలు పట్టబడిన బిడ్డలు నూటికి 42 మంది మాత్రమే. మావాడు ఆ లెక్కలో చేరలేదు. మా అమ్మ తేనె సీసా సిద్ధము చేసికొని వచ్చినది. పుట్టిన బిడ్డకు ఘుట్టీ నాకించుట మా ఇండ్లలో ఆచారము. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదమని, అందులో దాగియుండగల ఒక సూక్ష్మజీవి పసిప్రేగులలో విషము పుట్టించవచ్చునని నర్సమ్మ కసరుకొనగా ఆ సీసా మరల సంచిలోనికి పోయినది.

తొలి రెండు మూడు దినములు వచ్చు చిక్కని, పచ్చని పాలను తెలుగువారు ముర్రుపాలు అందురు. గేదె ఈనినప్పుడు ఆ పాలకే జున్నుపాలని పేరు పెట్టి, బెల్లము, మిరియపు పొడి చేర్చి వండి, ఇరుగుపొరుగుకు పంచి, లొట్టలు వేయుచు తిందుము. కన్నతల్లి దగ్గరకు వచ్చుసరికి అవియే చెడుపాలని పిండి పారబోసిన ఇండ్లను మేము ఎరుగుదుము. దూడ నోటి దగ్గరనుండి లాగుకొని తినవలసినంత మంచివి, మన బిడ్డ నోటికి మాత్రము ఎట్లు చెడ్డవైనవో! ఆ పాలు చెంచాలతో కొలువదగినంతయే వచ్చును. పసికందు పొట్టకును అంతే చాలును. వ్యాధులను ఎదిరించు ప్రతిరక్షకములు వానిలో నిండుగా ఉండును. తల్లిపాలు త్రాగు బిడ్డలకు విరేచనములు, ఊపిరితిత్తుల జబ్బులు తక్కువ. పాలిచ్చు తల్లికి రొమ్ము క్యాన్సరు, అండాశయ క్యాన్సరు వచ్చు అవకాశము తగ్గును. తల్లిపాలు అందరికీ అందినచో ప్రపంచములో ఏటేట 8 లక్షల 23 వేల మంది పసివారి మరణములను ఆపవచ్చునని 2016లో లాన్సెట్ వైద్యపత్రిక లెక్క కట్టినది. కర్నూలు ఎండలలో కూడ ఆరు నెలలలోపు బిడ్డకు మంచినీళ్ళు వేరుగా పట్టవలసిన పని లేదు. ఆ పాలలో నూటికి 87 పాళ్ళు నీరే.

మా ధర్మగ్రంథమునందు అల్ బఖరా అధ్యాయములో బిడ్డకు రెండు సంవత్సరములు పాలిచ్చు మాట కలదు. ఆ సంగతి మేము చిన్ననాటినుండి వినియున్నాము. అదే ఆయతులో తల్లి తిండికి, బట్టకు తండ్రి బాధ్యుడనియు, బిడ్డ కారణముగా తల్లిని బాధపెట్టరాదనియు కూడ ఉన్నది. మొదటి సగమును మేము గట్టిగా పట్టుకొన్నాము. రెండవ సగము అప్పుడు గుర్తునకు రాలేదు.

ఇంటికి వచ్చిన నాటినుండి మా శ్రీమతికి నిద్ర లేదు. బిడ్డ గంటసేపు రొమ్మున ఉండును. ఉండి ఉండి చప్పరింపులో టక్కుమని చప్పుడగును. పాలు పెదవుల ప్రక్కనుండి కారును. అలసి నిద్రపోవును. పడుకోబెట్టిన పది నిమిషములకే గుక్కపట్టి ఏడ్చును. ఆమెకు చనుమొనలు చిట్లి రక్తము కనబడినది. బిడ్డను ఎత్తి చేతికి ఇచ్చునప్పుడు ఆమె పండ్లు బిగబట్టి గోడవైపు చూచుట మేము చూచినాము. చూచి, తొలిచూలు గదా, అందరికీ ఇట్లే ఉండును గాబోలునని ఊరకున్నాము. ఆసుపత్రినుండి పంపివేయునాటికి అక్కడ ఒక్కరును బిడ్డ పాలు త్రాగుట కూర్చుండి చూడలేదు. టీకా కాగితము, మందుల చీటి, బిల్లు మాత్రము క్రమముగా ఇచ్చినారు.

పన్నెండవ నాడు టీకా సంగతి అడుగుటకు పోయినప్పుడు బిడ్డను తూచినారు. 2 కిలోల 560 గ్రాములు. తొలి దినములలో బిడ్డ కొంత తగ్గుట సహజమే. పుట్టిన బరువులో పదవ వంతుకు మించి తగ్గరాదు, పది పదునాలుగు దినములలో మరల పుట్టిన బరువునకు రావలెను. మావాడు పదవ వంతును దాటి తగ్గినాడు. ఇంటికి వచ్చి మా అమ్మకు చెప్పగా ఆమె ఒక్కమాటలో తీర్పు చెప్పినది.

"దానికి పాలు పడలేదు రా. ఏం చేస్తాం, కొందరి ఒళ్ళు అంతే."

వెల్లుల్లి, మెంతులు, బెల్లము, బొప్పాయి కూర, ఎవరు ఏది చెప్పిన అది ఆమె కంచములోనికి వచ్చినది. చూడవచ్చిన ప్రతి బంధువును గుమ్మములోనే ఆ ప్రశ్న అడుగును. జవాబు మా అమ్మ చెప్పును. బాలింత లోపలి గదిలో తల వంచుకొని కూర్చుండి వినును. మేము వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుచుంటిమి. పది సంవత్సరములుగా ఇతరుల తప్పుల క్రింద ఎఱ్ఱగీతలు గీయుచున్న మాకు, ఆ మాట తప్పేమోనన్న అనుమానమైనను రాలేదు. ఆ సాయంకాలము బజారునకు పోయి డబ్బా పాలు కొని తెచ్చినవారము మేమే. తెచ్చి దీపము దగ్గర పెట్టి చదివినాము. బిడ్డకు తల్లిపాలే శ్రేష్ఠమని ఆ డబ్బా మీదనే అచ్చు వేసి ఉన్నది. 1992 నాటి చట్టము ఆ మాటను తప్పనిసరి చేసినది. అదే చట్టము ఇట్టి డబ్బాలకు ప్రకటనలు చేయరాదనియు నిషేధించినది. మా శ్రీమతి ఆ డబ్బాను చూచి ఏమియు అనలేదు. ఏదైన అనియుండిన మాకు కొంత తేలికగా ఉండెడిది.

ఆ రాత్రియే నంద్యాలనుండి మా శ్రీమతి అక్కగారు వచ్చినది. ఆమెను ఇంటిల్లిపాది ఆపా అందురు. చంకలో నాలుగు నెలల కూతురు. చెల్లెలి ముఖము చూచి, బిడ్డను చూచి, "నేను ఇస్తాను పాలు" అని ముందుకు వచ్చినది. మా అమ్మ గతుక్కుమన్నది. కారణము ఉన్నది. ఒక తల్లి పాలు త్రాగినవారు మాలో తోబుట్టువులతో సమానము, దూద్ షరీక్ భాయీ బహెన్లు. వారికి పెండ్లి నిషిద్ధము. మేము అనుసరించు హనఫీ సంప్రదాయములో దానికి ఒక్క గుక్క చాలును. ఆపా కూతురు పుట్టిననాడే, మా శ్రీమతి కడుపుతో ఉన్నదని తెలిసి, ఇరువురు ముసలమ్మలు కూడి నవ్వుచు ఒక సంబంధము అనుకొనియుండిరి. మా ఇరుగుపొరుగు తెలుగువారి వరుసలో పెద్దమ్మ కూతురు ఎట్లును అక్కయే అగును. మాలో కాదు. మా అమ్మ కొంతసేపు మాట్లాడక, చివరకు "బిడ్డ కంటే సంబంధం ఎక్కువా, తాగించు బేటీ" అన్నది. ఆ ఒక్క గుక్కతో ఆ రాత్రి మేమును పొరుగువారి వరుసలోనికి వచ్చినాము.

అయితే అసలు సంగతి ఆ గుక్కలో బయటపడినది. ఆపాకు పాలు సమృద్ధిగా ఉన్నవి. మావాడు వాటిని కూడ త్రాగలేకపోయినాడు. అదే టక్కు టక్కు మను చప్పుడు, అవే ప్రక్కలకు కారు పాలు. ఆపా కెవ్వుమని బిడ్డను విడిపించి, "భాయ్, దీనికి పాలు లేకపోవడం కాదు, వీడికి పట్టు రావడం లేదు. చిగుళ్ళతో కొరుకుతున్నాడు" అన్నది. లోపలి గదిలో మా శ్రీమతి అప్పుడు ఏడ్చినది. పన్నెండు దినములలో మేము ఆమె ఏడ్పు వినుట అదే మొదటిసారి.

మరునాడు ఆపాయే మమ్ములను తీసికొనిపోయి ఒక పిల్లల వైద్యురాలికి చూపినది. అరువది దాటిన ఆ డాక్టరమ్మ బిడ్డను బల్లపై పడుకోబెట్టలేదు, మందు వ్రాయలేదు. తల్లితో "పాలివ్వమ్మా, చూస్తాను" అని ముక్కాలిపీట లాగుకొని పావుగంట కూర్చున్నది. రోజుకు ఎన్నిసార్లు గుడ్డలు తడుపుచున్నాడని అడిగినది. మొదటి వారము దాటిన బిడ్డ ఆరుసార్లయినను తడుపవలెనట. మేము లెక్కించియుండలేదు. ఆపా ఆరోగ్యము, పరీక్షల సంగతి కూడ విచారించి, పరీక్షలు లేక ఎవరి పాలు పడితే వారి పాలు పట్టరాదని హెచ్చరించినది. ఆ పిమ్మట చేతికి తొడుగు వేసికొని బిడ్డ నాలుక క్రింద వ్రేలు పోనిచ్చి, ఏడ్చుచున్న బిడ్డ నోరు మాకు చూపినది.

నాలుక కొన నున్నగా ముందుకు రాలేదు. నడుమ నొక్కుకొని, తొడిమ దగ్గర తమలపాకు ఎట్లుండునో అట్లున్నది. నాలుక క్రింద సన్నని పొర ఒకటి కొనదాక వచ్చి అంటుకొని దానిని క్రిందికి లాగి పట్టినది. దీనిని టంగ్ టై అందురట. ఆ పొర అందరికీ ఉండును. కొందరికి పొట్టిగానో, బిగువుగానో, మరీ కొనకో ఉండును.

"మీరేం చేస్తుంటారు?" అని ఆమె అడిగినది. తెలుగు చెప్పుదుమన్నాము. "అయితే మీకు నాలుక సంగతి నేను చెప్పాలా మాష్టారూ?" అని నవ్వినది.

నిజమే. త, థ, ద, ధ, న దంత్యములనియు, నాలుక కొన పై పండ్లకు తాకవలెననియు, ట, ఠ, డ, ఢ, ణ మూర్ధన్యములనియు, కొనను వెనుకకు మడిచి అంగిలికి చేర్చవలెననియు ప్రతి జూలైలో నల్లబల్లపై నోటి బొమ్మ గీసి చెప్పువారము. ఉర్దూలో జబాన్ అన్న ఒక్క మాటయే నాలుకకును భాషకును చెల్లును. తెలుగువారు ఆ రెంటిని వేరు చేసికొనిరి. బహుశా అందువలననేమో, నాలుక పలుకుటకన్న ముందు బ్రదుకుటకని మాకు తట్టలేదు. డాక్టరమ్మ చెప్పిన క్రమము ఇది. బిడ్డ చనుమొనను మాత్రమే కాక దాని చుట్టునున్న నల్లని భాగమును కూడ నోటినిండ పట్టవలెను. నాలుక క్రింది చిగురును దాటి ముందుకు వచ్చి, దొన్నెవలె వంగి రొమ్మును పట్టి ఉంచవలెను. నాలుక వెనుక భాగము క్రిందికి దిగినప్పుడు నోటిలో గాలి తగ్గి పాలు లోనికి వచ్చును. నాలుక ముందుకు రాలేనిచో పట్టు జారును, గాలి చొరబడి టక్కుమనును, చిగుళ్ళు నొక్కును. తల్లికి గాయము, బిడ్డకు ఆకలి. పాలు సరిగా తీయబడనిచో కొన్నాళ్ళకు నిజముగానే తగ్గిపోవును. హంద్రీ ఇసుకలో చెలమ త్రవ్వినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. తోడిన కొద్దీ ఊరును, తోడక విడిచిన పూడిపోవును. మా అమ్మ పాలు లేవన్నది ఫలమును చూచి. కారణము బిడ్డ నోటిలో ఉన్నది.

ఆమె వెంటనే కత్తెర తీయలేదు. బిడ్డను ఎట్లు పట్టుకొనవలెనో, గడ్డము రొమ్మునకు ఎట్లు ఆనించవలెనో నేర్పి, ప్రతిసారి మిగిలిన పాలను పిండి ఉగ్గుగిన్నెతో పట్టుమన్నది. మా అమ్మ అటక ఎక్కించి, మా నాన్ననాటి ఇత్తడి ఉగ్గుగిన్నె దింపించి, చింతపండుతో తోమి, నీళ్ళలో మరగించినది. ఆమె తన తప్పును ఒప్పుకొన్న తీరు అదియే. నోటితో ఏమియు అనలేదు. మూడు దినములు చూచినాము. బరువు నిలిచినది గాని తల్లి నొప్పి తగ్గలేదు. అప్పుడు, బిడ్డకు పుట్టినప్పుడు విటమిన్ కె సూది వేసినారా, ఇంటిలో రక్తము గడ్డకట్టని జబ్బు ఎవరికైన ఉన్నదా అని అడిగి, నిర్ణయించుకొని, మొన మొద్దైన చిన్న కత్తెరతో ఆ పొరను తెంచినది. మేము కన్నులు మూసికొని తెరచునంతలో అయిపోయినది. రెండు మూడు చుక్కల రక్తము. బిడ్డను వెంటనే తల్లి ఒడిలో పెట్టినారు. మా శ్రీమతి అలవాటు చొప్పున పండ్లు బిగబట్టినది. కొంతసేపటికి ముఖము మా వైపు త్రిప్పి, "నొప్పి లేదు" అన్నది. సగము నమ్మి సగము నమ్మనట్లు అన్నది.

ఇరువది ఐదవ నాటికి బిడ్డ పుట్టిన బరువునకు వచ్చినాడు. నెల నిండునాటికి మూడు కిలోలు దాటినాడు. పొర తెంచినందువలననా, పట్టు సరిదిద్దినందువలననా, ఉగ్గుగిన్నె వలననా, లేక ఇంటిలో ఎవరును ఆ బాలింతను నిందించుట మానినందువలననా అని ఎవరైన అడిగినచో మేము విడదీసి చెప్పలేము. తరువాత కొంత చదివినాము. 2017లో కోక్రేన్ సంస్థ అయిదు ప్రయోగములను, 302 మంది శిశువులను పరిశీలించి, పొర తెంచినందువలన తల్లికి నొప్పి తాత్కాలికముగా తగ్గుట కనబడినదనియు, బిడ్డ పాలు త్రాగుటలో మెరుగుదల అన్ని ప్రయోగములలోను ఒకే విధముగా కనబడలేదనియు వ్రాసినది. నాలుక ముడి ఉన్న బిడ్డలలో సగముకన్న తక్కువమందికే పాలు త్రాగుటలో ఇబ్బంది కలుగునని 2024లో అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ తెలిపినది. డాక్టరమ్మ కూడ ఇంచుమించు ఇంతే చెప్పినది. హైదరాబాదులోని మా బంధువొకాయన ఫోనులో బొమ్మలు పంపి, పై పెదవి క్రింది పొరను కూడ లేజరుతో తీయించుడని, దానిని లిప్ టై అందురని ఒత్తిడి చేసినాడు. ఆమె పెదవి ఎత్తి చూచి, "ఈ పొర దాదాపు ప్రతి బిడ్డకూ ఉంటుంది. దాన్ని కోస్తే పాలు బాగా తాగుతాడనడానికి తగిన ఆధారం లేదు" అని వదలివేసినది. కత్తెర చేతిలో ఉండియు వాడనివారిని మేము అధికముగా గౌరవింతుము.

ఇంకొక మాట చెప్పవలసి ఉన్నది. చెప్పక దాటవేయవలెనని ఉన్నది గాని, చెప్పుదుము. కొన్నేండ్ల క్రిందట మా మొదటి సంవత్సరపు తరగతిలో ఒక విద్యార్థిచేత పద్యము చదివించినాము. వానికి ళకారము, ణకారము పలుకలేదు. మరల చదువుమన్నాము. మరల అన్నాము. నాలుగవసారికి తరగతి నవ్వినది, మేమును చిరునవ్వు నవ్వినాము. నాటినుండి ఆ పిల్లవాడు చివరి వరుసలో కూర్చున్నాడు. మేము మరి ఎన్నడును వానిని చదువుమనలేదు, వాడును నోరు తెరువలేదు. నాలుక ముడి ఉన్నవారందరికి మాట రాదనుకొనుట పొరపాటు, అనేకులు చక్కగా మాట్లాడుదురు. వాని నాలుక క్రింద ఏమున్నదో మేము చూడలేదు. ఆ నోటిలో కష్టము ఏదైన ఉండవచ్చునన్న తలపే మాకు రాలేదని మాత్రము ఎరుగుదుము. ఆ సంచిక వాని చేతికి చేరిన, ఈ పేరా తన కొరకే వ్రాయబడినదని గ్రహించునని ఆశ.

మా అబ్బాయికి ఇప్పుడు మాటలు వచ్చినవి. నంద్యాల పోయినప్పుడెల్ల ఆపా కూతురు వానిపై అక్క పెత్తనము చెలాయించును. మా అమ్మకు మాత్రము ఒక కొత్త వ్యసనము పట్టుకొన్నది. వీధిలో ఎవరి ఇంట బిడ్డ పుట్టినను పోయి నాలుక చూపుడనుచున్నది. అన్ని నాలుకలకు ముడి ఉండదమ్మా అని మేము ఎంత చెప్పినను వినదు. మొన్న ఎదురింటి వెంకటమ్మగారి మనుమరాలికి కాన్పయినదని తెలిసి, మేము వారించుచుండగనే చెప్పులు వేసికొని బయలుదేరినది. ఒక గంటకు తిరిగి వచ్చినది. ఏమైనదని అడిగినాము.

"నాలుక నిక్షేపంగా ఉంది" అన్నది, కొంచెము నిరాశతో. "పిల్ల బిడ్డను పట్టుకోవడమే సరిగా లేదు. నేర్పి వచ్చాను."